కరాచీ గోడ మీద అరబ్బీ

మొన్న వీరపునాయునిపల్లె పోయినప్పుడు మా అక్క కొడుకు కంప్యూటర్ ముందు కూర్చుని ఆడుతున్నాడు. తెర మీద తుపాకీ, ఎదురుగా ఇరుకు సందు. ఉన్నట్టుండి ఆపి, 'మామూ, ఏ క్యా లిఖే సో?' అని గోడ చూపించాడు. ఉర్దూ చదివినవాణ్ణి కదా, చెబుతానని వాడి నమ్మకం. చూశాను. అది ఉర్దూ కాదు, అరబ్బీ. ఊరు మాత్రం కరాచీ.

ఆట పేరు 'కాల్ ఆఫ్ డ్యూటీ: మోడర్న్ వార్‌ఫేర్ 2'. 2009లో వచ్చింది. కరాచీ దుకాణాల బోర్డులు ఉర్దూలో ఉంటాయి. అసలు 'కరాచీ'లోని 'చ'కు అరబ్బీలో విడిగా అక్షరమే లేదు! కోట్ల డాలర్లు పోసి తుపాకులను అచ్చుగుద్దినట్టు దించినవాళ్లకు, ఆ గోడ మీద భాష ఏదో అడగాలనిపించలేదు.

చిన్న తప్పే కదా అనొచ్చు. కాదు. వీడియో ఆటలో కథను మాటల కన్నా గోడలు, సందులు, నియమాలు ఎక్కువగా మోస్తాయి. ఎటు నడవొచ్చు, ఏ తలుపు తెరుచుకుంటుంది, ఎవరిని కాలిస్తే పాయింట్లొస్తాయి - ఇదే అక్కడ కథనం. పాఠకుడు కథ చదువుతాడు. ఆటగాడు దాన్ని తన చేతులతో చేస్తాడు. ఆ గోడ చెప్పే కథ ఏమిటి? మీరంతా ఒకటేనని. అరబ్బు, పాకిస్తానీ, కడప సాయిబు - అందరికీ ఒకే లిపి, ఒకే గడ్డం, ఒకే గురి. మా ఇంటి దఖ్నీని ఊళ్లో 'తురకం' అని ఒక్క మాటలో తేల్చేశారు. సీమంటే బాంబులూ వేటకొడవళ్లేనని సినిమాలు తేల్చేశాయి. రెండు ముద్రలూ మోసిన సీమ సాయిబుకు ఆ గోడ కొత్త కాదు.

మరి మనవాళ్లు తయారుచేస్తే? 2017లో హైదరాబాదులోని ఓగర్ హెడ్ స్టూడియో 'అసుర' తెచ్చింది. ఆటగాడు అసురుడి పక్షాన నిలబడాలి. చచ్చిన ప్రతిసారీ దారులు మారిపోతాయి, మళ్లీ మొదటి నుంచి రావాలి. పురాణాల్లో చంపబడ్డానికే పుట్టినవాణ్ణి నాయకుణ్ణి చేయడం చిన్న సంగతి కాదు. తెలుగు నేల మీద ఆ పని జరిగినందుకు సంతోషం. అయినా ఒక మాట అనక తప్పదు. పక్షం మారింది, పని మారలేదు. కత్తి చేతులు మారిందంతే. అసురుడి పగ చూశాం. అతని ఇల్లు, తల్లి, పాట కూడా చూడాలని నా ఆశ.

అదే ఏడాది ఫ్రాన్సు నుంచి 'బరీ మీ, మై లవ్' వచ్చింది. సిరియాలో ఉండిపోయిన మజ్ద్, ఐరోపాకు బయల్దేరిన భార్య నూర్. ఆటగాడు మజ్ద్. చేతిలో తుపాకీ లేదు, ఫోనుంది. ఆమె మెసేజీలకు జవాబివ్వడం, ఎదురుచూడడం - అదే ఆట. 19 ముగింపులున్నాయి. కొన్నింటిలో ఆమె బతకదు. కువైట్‌కు ఇంటిపనికి పోయిన తల్లి ఫోను కోసం కూర్చున్న కడప పిల్లలకు ఈ ఆట ఎవరూ నేర్పక్కర్లేదు.

కానీ వాళ్ల కథను వాళ్లెప్పుడు చెబుతారు? కథలూ కవితలూ రాసే మనం ఆటల్ని పిల్లల చేష్టగా వదిలేశాం. అక్కడ మన ముఖాలను ఇతరులు గీస్తున్నారు. గోడ మీద ఏం రాశారని అడిగిన పిల్లవాడు రేపు ఆ గోడ మీద తానే రాయాలి. ఉర్దూలో రాయాలి, తెలుగులోనూ రాయాలి.