తంబురాను తుడిచేయొద్దు

తిరుమల సంకీర్తన భాండాగారంలో దొరికిన రాగిరేకుల మీద అన్నమయ్య సాహిత్యం ఉంది, ప్రతి పాటకూ రాగం పేరు ఉంది. స్వరం మాత్రం లేదు. ఈ రోజు మనం పాడుకునే వరుసలు చాలావరకు ఇరవయ్యో శతాబ్దంలో రాళ్లపల్లి అనంతకృష్ణ శర్మ, నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ వంటివారు కట్టినవి. ఆ వరుసలను వాళ్లు ఎలా పలికారో చెప్పగలిగేది టేపు ఒక్కటే. అందుకే పాత రికార్డింగుల రీమాస్టరింగ్‌ని నేను తాళపత్రాల పరిష్కరణంతో సమానమైన పనిగా చూస్తాను.

ఎం.ఎస్. సుబ్బులక్ష్మి సుప్రభాతం 1963లో హెచ్.ఎం.వి. ఎల్పీగా వచ్చింది. మనలో చాలామంది విన్నది కాసెట్ నుంచి కాసెట్‌కి ఎక్కించిన నకలు, ఆ తర్వాత సెల్‌ఫోన్లో ఎంపీత్రీ. నకలు తీసినకొద్దీ పైస్థాయి ధ్వనులు మొద్దుబారతాయి. కాబట్టి అసలు మాస్టర్ టేపు దగ్గరికి వెళ్లడమే మొదటి పని. 1970ల నాటి కొన్ని టేపుల్లో జిగురుపూత తేమ పీల్చి బంకలా సాగుతుంది. వాటిని సుమారు 50 డిగ్రీల వేడిలో గంటల తరబడి ఆరబెట్టాకే తిప్పాలి. తర్వాత ప్లేయర్ హెడ్ కోణం సరిచూడాలి, అది కాస్త వాలినా తాళాల మెరుపు పోతుంది. వేగం మరీ ముఖ్యం. ఒక్క శాతం పెరిగితే చాలు, శ్రుతి స్వరస్థానంలో దాదాపు ఆరో వంతు పైకి జరుగుతుంది, గొంతు పలచబడుతుంది.

సీడీ సెకనుకు 44,100 నమూనాలు, 16 బిట్లతో ధ్వనిని దాస్తుంది. హై రిజల్యూషన్ అంటే సాధారణంగా 96,000 నమూనాలు, 24 బిట్లు. అంకెలు పెద్దవైనంత మాత్రాన పాట బాగుపడదు. అసలు పరీక్ష శుభ్రం చేసేటప్పుడు వస్తుంది.

తంబురా బ్రిడ్జి మీద తీగ కింద దూర్చిన నూలుపోగును వెంట్రుకవాసి జరిపితే నాదం విచ్చుకుంటుంది. ఆ జుమ్మనే అనుస్వరాలు టేపు బుస ఉండే ఎత్తులోనే ఉంటాయి, బుసలాగే ఆగకుండా మోగుతాయి. ఆగని శబ్దాన్ని రొదగా లెక్కగట్టే సాఫ్ట్‌వేర్‌కి రెండింటికీ తేడా తెలియదు. బుసతో పాటు తంబురా ఊపిరీ తీసేస్తుంది. మిగిలేది గాజుపెట్టెలో పెట్టినట్టున్న గొంతు. అలాంటి విడుదలల కంటే బుస ఉన్న టేపే నాకు ఇష్టం.

రాక్ బృందం కింగ్ క్రిమ్సన్ 1969 నాటి తొలి ఆల్బంని స్టీవెన్ విల్సన్ 2009లో కొత్తగా మిక్స్ చేయగలిగాడంటే వాద్యాలు వేర్వేరు ట్రాకుల్లో దొరకడమే కారణం. గాత్రం, వయొలిన్, మృదంగం ఒకే టేపులో కలిసిపోయినచోట ఆ వీలు అంత సులువుగా దొరకదు. గాత్రాన్ని ఎత్తితే వయొలిన్ కూడా లేస్తుంది. చెయ్యి అంత తక్కువ పెట్టాలి.

తిరుమల తిరుపతి దేవస్థానానికి శ్రీ వేంకటేశ్వర రికార్డింగ్ ప్రాజెక్టు ఉంది. పాత పాటలు తిరిగి విడుదల చేసే ఎవరినైనా నేను అడిగేది ఇది: ఏ టేపు నుంచి తీశారో, ఏ శ్రుతికి సరిచూశారో అట్ట మీద అచ్చువేయండి. ఏమీ శుభ్రం చేయని మొదటి డిజిటల్ ప్రతిని కూడా పక్కనే భద్రపరచండి. రేపు మరింత మంచి చెవి, మరింత మంచి పరికరం వచ్చినవాళ్లు అక్కణ్నుంచి మొదలుపెట్టుకుంటారు.