చీకట్లో దొరికే దోషం

ఫోను తెర మీద పైనుంచి కిందికి సన్నటి ఆకుపచ్చ గీత పడిందంటే, హైదరాబాద్ జగదీశ్ మార్కెట్‌లో ఏ రిపేరు షాపుకి వెళ్లినా ఒకటే మాట: ‘కాంబో మార్చాలి’, అంటే పై గాజుతో సహా తెర మొత్తం. రాత్రి వచ్చిన అప్‌డేటే కొంప ముంచిందని మనం వాదిస్తాం. గీత రంగు సంగతి మాత్రం ఎవరూ అడగరు. ఓఎల్‌ఈడీ ఫోన్లలో పడే గీత చాలాసార్లు ఆకుపచ్చగా ఉంటుంది, కాకపోతే గులాబీగా.

ఈ ఫోన్లలో ఎక్కువవాటికి ఆకుపచ్చ చుక్కలన్నీ ఒక నిలువు వరసలో ఉంటాయి. పక్క వరసలో ఎరుపు, నీలం ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. వరసకో డేటా తీగ. మొదటిదాని తీగ తెగితే ఆకుపచ్చ గీత, రెండోదాని తీగ తెగితే ఎరుపు, నీలం కలిసిన గులాబీ. మరి తీగ తెగితే ఆరిపోవాలి గానీ వెలగడమేమిటి? ఫోను తెరల్లో పిక్సెల్‌ని నడిపేవి సాధారణంగా పి-రకం ట్రాన్సిస్టర్లు. వాటి గేటు దగ్గర వోల్టేజీ తగ్గేకొద్దీ కరెంటు పెరుగుతుంది. దిక్కులేని తీగ మీద వోల్టేజీ పడిపోతే ఆ వరసంతా భగ్గున వెలుగుతుంది. తెగేది కూడా చాలాసార్లు తెర మధ్యలో కాదు, అంచున ఫ్లెక్స్ పట్టీ మడత దగ్గరో, డ్రైవర్ చిప్ అతుకు దగ్గరో.

ఎల్‌సీడీ తెర ఇంత సున్నితం కాదు. అక్కడ వెలుగు వెనకనుంచి వస్తుంది, పిక్సెల్ దాన్ని ఆపడమో వదలడమో చేస్తుంది. ఓఎల్‌ఈడీలో పిక్సెలే దీపం. 1987లో అమెరికాలోని ఈస్ట్‌మన్ కొడాక్ సంస్థలో చింగ్ టాంగ్, స్టీవెన్ వాన్ స్లైక్ 10 వోల్టుల లోపే వెలిగే సేంద్రియ డయోడ్‌ని లోకానికి చూపించారు. ఎంత కరెంటు పారితే అంత వెలుగు, అదే దాని స్వభావం. అందుకే ట్రాన్సిస్టర్‌లో పిసరంత తేడా ఉన్నా కంటికి తెలిసిపోతుంది. 4కె టీవీలో 82,94,400 పిక్సెళ్లు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం, తెలుపు అని నాలుగేసి చుక్కలు లెక్కేస్తే మూడు కోట్ల ముప్పై లక్షలు దాటిపోతాయి. అన్నిట్లో లోపం వెతకాలి.

ఎప్పుడు వెతకాలన్నదే ఈ విద్యలో సగం. సేంద్రియ పొరలు ఖరీదైనవి, తేమ సోకితే పాడైపోతాయి. శూన్యంలో వాటిని పరిచి, మూత బిగించేశాక మళ్లీ విప్పే పని లేదు. కాబట్టి గాజు మీద ట్రాన్సిస్టర్లు మాత్రమే ఉన్న దశలోనే మొదటి పరీక్ష. అప్పటికి వెలగడానికి దీపమే లేదు. ఎల్‌సీడీ ఫ్యాక్టరీలనుంచి వచ్చిన ఒక కిటుకు ఇక్కడ పనికొస్తుంది. ప్రతి పిక్సెల్‌లోనూ ఒక చిన్న కెపాసిటర్ ఉంటుంది. దానిలోకి కొంత చార్జి పంపి, కాసేపాగి, వెనక్కి తీసుకుని లెక్కచూస్తారు. ఇచ్చింది ఇచ్చినట్టు వస్తే సరే. తక్కువొచ్చిందంటే ఎక్కడో కారుతోంది. అసలు లోపలికే పోలేదంటే దారి తెగింది.

రెండు తీగలు కలిసిపోతే షార్ట్. ఏ తీగలో షార్టో మీటరు చెబుతుంది, కానీ ఆ తీగ పొడవున ఏ చోటో చెప్పదు. అందుకు వేడిని పట్టుకోవాలి. వోల్టేజీని ఒక లయలో ఇచ్చి ఆపి, ఇచ్చి ఆపి, ఇన్‌ఫ్రారెడ్ కెమెరాతో అదే లయలో వేడెక్కి చల్లారే చోటునే ఏరుతారు. మిగతా వేడినంతా లెక్కలోంచి తీసేస్తారు. చోటు దొరికాక లేజర్‌తో షార్ట్‌ని కోసేస్తారు. తెగిన తీగ మీదైతే లేజర్ సాయంతోనే లోహాన్ని పేర్చి అతుకుతారు.

పొరలు పరిచాక కథ మారుతుంది. వాటి మొత్తం మందం కొన్ని వందల నానోమీటర్లు మించదు, వెంట్రుక మందంలో వందో వంతు కూడా కాదు. మధ్యలో ఒక ధూళికణం పడితే పై ఎలక్ట్రోడు, కింది ఎలక్ట్రోడు ముట్టుకున్నట్టే. అప్పుడు డయోడ్‌కి వోల్టేజీ తిరగేసి ఇస్తారు. వెలుగు రాకూడదు, కరెంటు దాదాపు పారకూడదు. పారితే ఎక్కడో లీకేజీ ఉంది. ఒక్కోసారి ఆ చోటు కంటికందనంత మసకగా మెరుస్తుంది, చీకట్లో కెమెరా చాలాసేపు తెరిచి ఉంచితే దొరుకుతుంది. చిత్రమేమిటంటే, తిరగేసిన వోల్టేజీకి ఆ బలహీనమైన చోటు తనంతట తాను కాలి విడిపోవచ్చు. చుట్టూ ఉన్న పిక్సెల్ బతికి, నలుసంత నల్ల మచ్చ మిగులుతుంది. ఇది వైద్యమా, దాపరికమా అంటే, నా మటుకు నాకు వైద్యమే. మూత గట్టిగా ఉండి తేమ లోపలికి పోనంతవరకే సుమా. పోయిందా, ఆ మచ్చ పెరుగుతుంది.

ఆఖరున తెరని చాలా తక్కువ వెలుతురులో బూడిదరంగు చేసి చూస్తారు. పూర్తి వెలుగులో కనబడని మరకలు అక్కడ తేలతాయి. కెమెరా వాటిని కొలిచి, ఏ పిక్సెల్‌కి ఎంత పెంచాలో, ఎంత తగ్గించాలో మెమరీలో రాసిపెడుతుంది. లోపం పోలేదు, సర్దుబాటు జరిగింది. మనం కొనే చాలా తెరలు ఇలా సర్దినవే.

రిపేరు షాపులో లోపం వెతికేదీ ఈ పద్ధతిలోనే, పరికరాలే వేరు. తెర పూర్తిగా నల్లబడితే తెలిసినవాడు ముందు కాంబో మాట ఎత్తడు. మల్టీమీటర్‌ని డయోడ్ మోడ్‌లో పెట్టి డిస్‌ప్లే కనెక్టర్ పిన్నులు ఒక్కొక్కటీ చూస్తాడు. సున్నాకి దగ్గరగా వస్తే షార్ట్, అసలు రీడింగే రాకపోతే తెగినట్టు. బోర్డు మీద షార్ట్ ఉందనుకుంటే రోజిన్ పొగ పట్టించి కొద్దిగా కరెంటు ఇస్తాడు. తెల్లటి పూత ముందు ఎక్కడ కరిగితే అక్కడుంది రోగం. లక్షలు పోసి కొనే ఇన్‌ఫ్రారెడ్ కెమెరా పట్టుకునేదీ ఆ వేడినే. గీత పడ్డ తెరకి మాత్రం చాలాసార్లు కాంబో మార్చడమే దారి, అందులో మోసమేమీ లేదు.

ఇంట్లో ఓఎల్‌ఈడీ టీవీ ఉన్నవాళ్లకి ఒక మాట. ఈ పరీక్ష కొన్నాక కూడా ఆగదు. ఎల్‌జీ టీవీల్లో మొత్తమ్మీద 4 గంటలు చూశాక రిమోట్‌తో ఆపితే, తెర చీకటిగా ఉన్నప్పుడే లోపల ట్రాన్సిస్టర్లని కొలిచి తేడాలు సర్దుకునే పని మొదలవుతుంది. పడుకునే ముందు గోడ స్విచ్ ఆపేసే అలవాటు మనలో చాలామందికి ఉంది. ఈ ఒక్క టీవీకి మాత్రం ఆ అలవాటు మానండి.