కుబ్జ చేతి గంధపాత్ర

సికింద్రాబాదునకు ఉత్తరమున నున్న అల్వాల్‌లో ఒక సాయంకాలము భాగవతగోష్ఠి జరిగినది. పోతన దశమస్కంధ పూర్వభాగమునందలి కుబ్జావృత్తాంతమును నేను వివరించితిని. సభ ముగిసి అందఱును లేచిన పిదప, చంకకఱ్ఱల సాయమున నడచు ఒక మధ్యవయస్కుడు నన్ను సమీపించి, "అయ్యా, ఆవిడ గూను సరికాకపోతే ఈ కథ మీరు చెప్పేవారా?" అని అడిగెను. భగవంతుని కరుణకు అది నిదర్శనమని ఏదో చెప్పితిని. ఆతడు నమస్కరించి వెడలిపోయెను. నా సమాధానము నాకే తృప్తి నీయలేదు. ఈ వ్యాసము ఆ ప్రశ్నకు ఆలస్యముగా వ్రాయుచున్న ప్రత్యుత్తరము.

గూను సరియగుటయే కథాఫలమైనచో, సరికాని దేహముతో జీవించువారికి ఆ కథ ఏమి చెప్పును? విశ్వాసమున్నవారికి దేహము చక్కబడుననుట సిద్ధాంతమైనచో, చక్కబడని దేహము విశ్వాసలోపమునకు సాక్ష్యమగును. అప్పుడు కాలు లేనివాడు కాలు లేమినే కాక, భక్తి చాలలేదన్న నిందను గూడ మోయవలసివచ్చును. ప్రవచనములలో ఈ నిందను ఎవరును నోట పలుకరు. అయినను కథను చెప్పు తీరులో అది దాగియుండును. కావున ఈ ఘట్టమును మరల చదువుట అవసరము.

రామకృష్ణులు మథురను ప్రవేశించిన పిమ్మట వారికి వరుసగా నలుగురు ఎదురగుదురు. మొదటివాడు రజకుడు, వస్త్రముల నడుగగా ఈయక, దుర్భాషలాడి హతుడగును. రెండవవాడు నేతగాడు, తగిన వస్త్రములతో వారి నలంకరించును. మూడవవాడు సుదాముడను మాలాకారుడు. తన యింట పూజించి పూలదండల నొసగును. నాల్గవది కుబ్జ, అంగరాగములను సిద్ధపఱచునది. ఈ నలుగురును చేతిపనితో బ్రతుకువారే. వస్త్రము, అలంకరణము, మాల, గంధము అను క్రమమున కథ నడచినది. ఈ వరుసకు సూత్రమైనది వృత్తి. కుబ్జ ఇందు చేరుట ఆమె పనితనము వలననే కాని గూను వలన గాదు. మనము ఆమెను ఆ వరుసనుండి విడదీసి, స్వస్థత పొందినవారి వరుసలో నిలిపితిమి. అంతటితో ఆమె చేతిలోని పాత్ర మన కంటికి ఆనకపోయినది.

సంభాషణక్రమమును గూడ గమనింపవలయును. ముందుగా పలుకరించినది కృష్ణుడు. నీవెవరవు, ఈ గంధ మెవరిదని ఆతడు అడుగును. మూలమున ఆమె ప్రత్యుత్తరము మూడు భాగములుగా నున్నది: తన పేరు త్రివక్ర, తాను అనులేపనకర్మమున కంసుని మెప్పు పొందిన దాసి, ఈ గంధమునకు మీ యిరువురికంటె అర్హులు లేరు. మూడు వంకరలు గల దేహమే ఆమెకు పేరైనది. ఆ పేరును ఆమె దాచలేదు, దానికై విలపింపనులేదు. ఆ వెంటనే తన నేర్పును చెప్పినది. తరువాత గంధము నిచ్చినది. కృష్ణుడు ఆమె పాదములను తన పాదముతో అదిమి, రెండు వ్రేళ్ళతో గడ్డమెత్తి నిలువుగా చేయుట ఇంత జరిగిన పిమ్మటనే. తన దేహమును చక్కజేయుమని ఆమె ఎచ్చటను కోరలేదు.

ఇచట ఒక ఆక్షేపము రావచ్చును. ఎట్లు చదివినను గూను సరియైనది గదా, ఆ చక్కదనమును దర్శనఫలముగా భాగవతమే చెప్పినది గదా యని. ఇది నిజము, దానిని మఱుగుపఱచుట విమర్శ గాదు. నే ననునది ఇంతమాత్రమే: ఫలము కడపట వచ్చినది, అర్పణము దానికి ముందే పూర్తియైనది. ముడుపు కట్టి కోరిక నీడేర్చుకొనుట ఒక తీరు. తన వద్ద నున్న శ్రేష్ఠమైన దానిని యోగ్యుని కిచ్చుట వేఱొక తీరు. గంధ మిచ్చునప్పటి కుబ్జ రెండవ తీరునకు చెందినది. మాలాకారుడును కోరుకొమ్మన్నప్పుడు అచంచలభక్తిని, భక్తులతో స్నేహమును, భూతదయను కోరెను. ఇరువురి కథలను కలిపి చదివిననే విశ్వాసమునకు భాగవత మిచ్చు అర్థము తెలియును.

అష్టావక్రుని కథయు ఇట్లే మన వాడుకలో మాఱినది. ఆతని అంగములను జూచి జనకుని సభ నవ్వెనని, చర్మమును జూచువారు చర్మకారులని ఆతడు మందలించెనని ప్రసిద్ధి. వ్యాసభారత అరణ్యపర్వమున ద్వారపాలకుడు ఆతని నడ్డగించినది బాలుడగుటచేత. తల నెరసినంత మాత్రమున పెద్ద కాడని ఆతడు వాదించి, లోనికేగి, తన తండ్రిని నీటముంచిన వందిని వాదమున గెలుచును. సమంగానదిలో స్నానము చేయగా వంకరలు తీరుట గెలుపు తరువాతి మాట. ఈ కథను గూడ తరువాతివారు దేహము చుట్టును త్రిప్పిరి.

దేహము చక్కబడకయే సార్థకమైన జీవితములు మన చరిత్రలో లేకపోలేదు. విజయనగరమున 1919లో సంగీతకళాశాల వెలసినది. సంస్థానోద్యోగి యొకని అంధకుమారునకు సంగీతము నేర్పింపవలెనన్న సంకల్పమే దానికి మూలమని చెప్పుదురు. ఆదిభట్ల నారాయణదాసు దానికి తొలి అధ్యక్షుడు. చూపు మందమగుటచే బడిచదువు సాగని ద్వారం వేంకటస్వామినాయుడు (1893–1964) అచ్చటనే వయొలిన్ ఆచార్యుడై, 1936లో అధ్యక్షుడై, 1941లో సంగీతకళానిధి బిరుదమును, 1957లో పద్మశ్రీని పొందెను. ఆయన వాద్యమును విన్నవా రెవ్వరును ఆ చూపు మెఱుగుపడినదా యని అడుగలేదు. జీవితమున కొక ప్రయోజనము దొరకుటకు వ్యక్తి పట్టుదల ఒక్కటియే చాలదనియు, దారిలో నిలిచి "నీ చేతిలోని దేమి?" యని అడుగువారు గూడ ఉండవలయుననియు ఈ చరిత్ర తెలుపుచున్నది. విజయనగరమున ఆ పని చేసినది ఆ కళాశాల.

మన మాటలలోను ఈ చిక్కు కలదు. 'వికలాంగుడు' అనుపదము లోపమును జూపును. దానికి మాఱుగా ఇటీవల ప్రచారములోనికి వచ్చిన 'దివ్యాంగుడు' అనుపదము లోపమున్నచోట దివ్యత్వమును నిలుపును. రెండును అంగమువద్దనే ఆగినవి. 1995 నాటి చట్టము ఏడు విధముల వైకల్యములను పేర్కొనగా, 2016 నాటి చట్టము 21 విధములను గుర్తించినది. హక్కుల లెక్కకు ఇది అవసరమే. సాహిత్యవిమర్శకు మాత్రము మనిషి చేసిన పని ముఖ్యము.

సిరిసిల్ల రాజేశ్వరి విషయమున మనము చేసినదానిని ఇచట స్మరింపవలయును. చేతులు స్వాధీనములో లేక, కాలివ్రేళ్ళతో కలము పట్టి ఆమె కవితలు వ్రాసెను. సుద్దాల అశోక్‌తేజ ప్రోత్సాహమున అవి గ్రంథరూపము పొందినవి. 2022లో ఆమె మరణించెను. ఆమెను గూర్చిన మాటలలో కాలితో వ్రాసెనన్న ఆశ్చర్యమునకు దొరకిన చోటు ఆ కవితలకు దొరకలేదు. ఆశ్చర్యము గౌరవమువలె కనిపించును గాని చదువరితనము కాదు. పద్యమును పద్యముగా చదివి, బాగున్నచోట బాగున్నదనియు, లోపమున్నచోట లోపమున్నదనియు చెప్పుటయే కవికి చేయదగిన మర్యాద. ఆ మర్యాద ఆమెకు మనము ఇంకను బాకీపడియున్నాము.

అల్వాల్ శ్రోతకు నే నీయదగిన సమాధానము ఇప్పుడు స్పష్టమైనది: ఆమె గూను సరికాకున్నను ఆ కథ చెప్పదగినదే, గంధ మిచ్చుటతోనే అది నిండినది. ఆ గోష్ఠి మేడమీద జరుగుచుండెను. ఆతడు ప్రతివారమును చంకకఱ్ఱలతో ఆ మెట్లెక్కి వచ్చి, చివరిదాక విని, మరల దిగి పోవుచుండెను. కుబ్జ భక్తిని గూర్చి గంటసేపు ఉపన్యసించిన నాకు ఆ రాకపోకలలోని శ్రద్ధ కనబడలేదు. గోష్ఠిని క్రిందికి మార్చవలెనన్న తలంపును రాలేదు. ఆతడు అడిగిన ప్రశ్న కుబ్జను గూర్చినదే గాక మమ్ము గూర్చినది గూడ నని ఇన్నాళ్ళకు తెలిసినది.