మూయని ఖాతా

ఆదివారం పొద్దున ఆరున్నర కాకముందే వీఎం హోమ్ మైదానం నిండిపోతుంది. ఒకే నేల మీద నాలుగైదు మ్యాచ్‌లు. ఒక జట్టు మిడాన్ నిలబడ్డ చోటే ఇంకో జట్టు థర్డ్‌మ్యాన్ నిలబడతాడు. బయట విక్టోరియా మెమోరియల్ స్టేషన్ మీదుగా ఎల్బీ నగర్ మెట్రో పోతుంటే, లోపల ఎవరో 'క్యాచ్' అని అరుస్తుంటారు. నేను చెట్టు కింద ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని స్కోర్ బుక్ తెరుస్తాను. రెండు పెన్సిళ్లు, ఒక రబ్బరు, ఒక స్కేలు. ఇరవై రెండేళ్లుగా నా ఆదివారాలు ఇలాగే మొదలవుతున్నాయి.

పోయిన వారం మా జట్టు కుర్రాడొకడు వచ్చి పక్కన కూర్చున్నాడు. చైతన్యపురిలో హాస్టల్లో ఉండి గ్రూప్స్‌కు చదువుతున్నాడు. ఎనిమిదో నంబరులో బ్యాటింగుకు దిగుతాడు.

"ఈ సీజన్ల నా యావరేజ్ తొమ్మిదే సార్. ఫోన్ల కొట్టి చూసిన. పద్నాలుగు ఇన్నింగ్స్, 126 పరుగులు."

పుస్తకం తిరగేశాను. పద్నాలుగింటిలో ఐదుసార్లు వాడు నాటౌట్. "126ని పద్నాలుగుతో కాదురా, తొమ్మిదితో భాగించాలి. నీ సగటు పద్నాలుగు" అన్నాను. వాడు నమ్మలేదు. "దిగినన్ని సార్లు దిగినట్టే కద సార్. ఆ ఐదు యాడికి పోయినయ్?" అన్నాడు.

ఆ ప్రశ్న వారమంతా నాతోనే ఉంది. దానికి జవాబు నాకు క్రికెట్ నేర్పలేదు, మా నాన్న నేర్పాడు.

మా నాన్న అప్పట్లో గడ్డిఅన్నారంలో ఉన్న పండ్ల మార్కెట్లో ఒక కమీషన్ దుకాణంలో గుమాస్తాగా ఉండేవాడు. నల్లగొండ బత్తాయి లారీలు తెల్లవారకముందే దిగేవి. నాన్న ముందు రెండు పుస్తకాలుండేవి. ఒకటి చిట్టా. లారీ దిగిన వరుసలో, వేలం పాడిన వరుసలో, ఆ రోజు జరిగింది జరిగినట్టు అందులోకి ఎక్కుతుంది. రెండోది ఆవర్జా. అందులో మనిషికో పేజీ. చిట్టాలో చెదిరి ఉన్న పద్దులన్నీ సాయంత్రం పేరుపేరునా ఆ పేజీల్లోకి చేరతాయి. "చిట్ట తప్పు రాస్తే ఆవర్జ ఎన్నిసార్లు కూడినా కలువది బిడ్డా" అనేవాడు.

స్కోర్ బుక్ మాకు చిట్టా. పరుగు రాని బంతికి చుక్క, వచ్చిన పరుగుకు అంకె, వికెట్‌కు డబ్ల్యూ. ఇన్నింగ్స్ ముగిశాక బ్యాటర్ల పరుగులూ ఎక్స్‌ట్రాలూ ఒక పక్క కూడాలి. బౌలర్లు ఇచ్చిన పరుగులూ బైలూ లెగ్‌బైలూ ఇంకో పక్క కూడాలి. రెండు మొత్తాలూ ఒకటైతేనే పెన్సిల్ కింద పెట్టాలి. కెరీర్ గణాంకాలు ఆవర్జా. ఎన్ని ఊళ్లలో, ఎన్ని ఏళ్లలో ఆడినా అంతా ఒక మనిషి పేరు కింద ఒక వరుసలోకి వస్తుంది.

నేను తెరిచిన మొదటి ఆవర్జా వీవీఎస్ లక్ష్మణ్‌ది. 1996 నవంబరులో అహ్మదాబాద్‌లో దక్షిణాఫ్రికా మీద తొలి టెస్టు ఆడి, రెండో ఇన్నింగ్స్‌లో 51 చేశాడు. మన హైదరాబాద్ అబ్బాయి కదా అని, నాన్న దుకాణం నుంచి తెచ్చిన నల్ల అట్ట పుస్తకంలో ఒక పేజీ కేటాయించాను. పేపర్లో స్కోరు కార్డు చూడ్డం, పద్దు ఎక్కించడం. పదహారేళ్లు రాశాను. చివరికి తేలిన వరుస ఇది: 134 టెస్టులు, 225 ఇన్నింగ్స్, 34 నాటౌట్లు, 8,781 పరుగులు, అత్యధికం 281, సగటు 45.97, శతకాలు 17, అర్ధశతకాలు 56.

మా కుర్రాడి పద్ధతిలో 8,781ని 225తో భాగిస్తే 39.03 వస్తుంది. క్రికెట్ అలా చెయ్యదు. 225లోంచి 34 తీసేసి 191తో భాగిస్తుంది. అంటే దిగినన్ని సార్లను లెక్కపెట్టదు, అవుటైనన్ని సార్లనే లెక్కపెడుతుంది. మిథాలీ రాజ్ వన్డే పేజీలో ఈ తేడా ఇంకా పెద్దది. 211 ఇన్నింగ్స్‌లో 57 సార్లు నాటౌట్, 7,805 పరుగులు. దిగినవాటితో భాగిస్తే 37 కూడా నిండదు. అవుటైనవాటితో భాగిస్తే 50.68.

దీని అర్థం నాకు ఒక నెలాఖరు రాత్రి దుకాణంలో తెలిసింది. చిల్లరగా బత్తాయిలు అమ్ముకునే ఒకాయన బాకీ మూడు నెలలుగా తేలలేదు. నష్టం కింద రాసి ఖాతా మూసెయ్యమన్నాడు యజమాని. నాన్న కలం ఎత్తలేదు. "ఆయన పొద్దుగాల ఇంక వస్తనే ఉన్నడు సేటూ. వచ్చేటోని ఖాతా ఎట్ల మూస్త?" అన్నాడు. తేలని ఖాతా లాభం కాదు, నష్టమూ కాదు. దాని కింద గీత గీసే హక్కు ఇంకా ఎవరికీ లేదు. నాటౌట్ పక్కన పెట్టే నక్షత్రం అదే చెబుతుంది. పరుగులు మొత్తంలో చేరతాయి, ఖాతా మాత్రం తెరిచే ఉంటుంది.

ఈ లెక్కల కళ సముద్రం దాటి బేస్‌బాల్‌కూ వెళ్లింది. ఇంగ్లండ్‌లో పుట్టి, అమెరికాలో క్రికెట్ వార్తలు రాసిన హెన్రీ చాడ్విక్ 19వ శతాబ్దంలో బేస్‌బాల్ స్కోరు కార్డుకు ఒక రూపం తెచ్చాడు. అక్కడ ప్రతి వంతూ ఏదో ఒకటి తేలి ముగుస్తుంది కాబట్టి నక్షత్రానికి చోటు లేదు. కొట్టిన హిట్లను వంతులతో భాగిస్తారు. 1941లో టెడ్ విలియమ్స్ 456 వంతుల్లో 185 హిట్లు కొట్టి .406 సగటు సాధించాడు. ఆ మాటను ఇప్పటికీ అపురూపంగా చెప్పుకుంటారు. అయితే వాళ్లూ అన్నిటినీ భాగహారంలోకి తేరు. బౌలర్ లాంటి పిచర్ నాలుగు చెడ్డ బంతులు వేసి బ్యాటర్‌ను నడిపించి పంపితే ఆ వంతును లెక్కలోంచి తీసేస్తారు. దేన్ని భాగహారంలోకి తేకూడదో తేల్చుకోవడం దగ్గరే ప్రతి ఆటా తన న్యాయాన్ని చూపిస్తుంది.

నాటౌట్లు సగటును ఉబ్బిస్తాయనే వాదన పాతదే. నేను దాన్ని కొట్టెయ్యను. అవతలివాడిని ముందుకు తోసి తాను దాక్కున్నవాడికీ నక్షత్రమే పడుతుంది. నిలబడ్డాడో దాక్కున్నాడో ఆవర్జా చెప్పలేదు. అందుకు చిట్టా తియ్యాలి.

2010 అక్టోబరు, మొహాలీ. ఆస్ట్రేలియా మీద గెలవడానికి 216 కావాలి. 124కే ఎనిమిది వికెట్లు పోయాయి. నడుము నొప్పితో వంగలేక, రన్నర్‌ను పెట్టుకుని ఆడుతున్నాడు లక్ష్మణ్. ఇషాంత్ శర్మతో తొమ్మిదో వికెట్‌కు 81 పరుగులు జోడించాడు. ఇషాంత్ పోయాక వచ్చింది ప్రజ్ఞాన్ ఓఝా. ఆఖరి జోడీ ఇద్దరూ హైదరాబాద్ రంజీ ఆటగాళ్లే. ఎన్నడూ గొంతు పెంచని లక్ష్మణ్ ఆ రోజు పరుగు కోసం ఓఝా మీద అరిచాడు. ఒక్క వికెట్ తేడాతో గెలిచారు. ఆవర్జాలో దానికి దక్కింది రెండంకెలూ ఒక నక్షత్రం: 73 నాటౌట్. 34 నక్షత్రాల్లో అది ఒకటి.

హైదరాబాద్‌దే ఇంకో పేజీ పక్కన పెట్టి చూడండి. అజారుద్దీన్: 99 టెస్టులు, 147 ఇన్నింగ్స్, 9 నాటౌట్లు, 6,215 పరుగులు, సగటు 45.03. లక్ష్మణ్ సగటుకు ఒక్క పరుగు కూడా తేడా లేదు. కానీ అజార్ 43 సార్లు యాభై దాటి, అందులో 22 సార్లు వంద చేశాడు. లక్ష్మణ్ 73 సార్లు యాభై దాటితే వందలు పదిహేడే. కింది వరుసలో దిగేవాడికి కొన్నిసార్లు వందకు ముందే తోడు అయిపోతుంది. సగటులు చూస్తే కవలలు, పద్దులు చూస్తే ఇద్దరు వేరు మనుషులు. అలాగే లక్ష్మణ్ 17 శతకాల్లో ఆరు ఆస్ట్రేలియా మీదే. 2001 మార్చిలో కోల్‌కతాలో ఫాలోఆన్ ఆడుతూ చేసిన 281 వాటిలో ఉంది. ద్రవిడ్‌తో కలిసి నాలుగో రోజంతా వికెట్ ఇవ్వకుండా, 376 పరుగుల భాగస్వామ్యం. పరుగుకు పరుగు సమానమే అంటుంది ఆవర్జా. అది దాని ధర్మం. సమానం కాదని గుర్తుంచుకోవడం మన ధర్మం.

ఆ పేజీలో నాకు గుచ్చుకునే పద్దు ఒకటుంది. 134 టెస్టుల్లో సొంత ఊళ్లో ఆడింది ఒక్కటే. 2010 నవంబరులో న్యూజిలాండ్ మీద, ఎల్బీ నగర్ నుంచి నాగోల్ దాటితే వచ్చే ఉప్పల్ స్టేడియంలో. 74 చేశాడు. రెండేళ్లకు అదే ఉప్పల్‌లో ఇంకో టెస్టు. జట్టులో పేరుంది. మా గల్లీ అంతా ఎదురుచూస్తోంది. 2012 ఆగస్టు 18న, మ్యాచ్‌కు ఐదు రోజుల ముందు, ఇక చాలన్నాడు. ఆ రాత్రి స్కేలు పెట్టి పేజీ కింద గీత గీశాను. మూసే హక్కు ఆయనది, ఆయన మూసుకున్నాడు. నేను రాశానంతే.

మా కుర్రాడి ప్రశ్న ఇప్పుడు నాకు ఇంకోలా వినిపిస్తోంది. వాడు గ్రూప్-2 రెండుసార్లు రాశాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఏ గల్లీకి పోయినా ఒకరి ర్యాంకు ఫ్లెక్సీ మీద కనిపిస్తుంది. ఆ ఫ్లెక్సీల కింద నడిచే పిల్లలు తాము ఎన్నిసార్లు దిగామో వేళ్లు మడిచి లెక్కపెట్టుకుంటూ ఉంటారు. దిగిన ప్రతిసారీ భాగహారమే అనుకుంటారు. ఇంకా చదువుతున్నవాడి పేజీలో నష్టం రాయడానికి మా నాన్నయితే కలం ఎత్తడు.

ఈ ఆదివారం వాడికోసం నల్ల అట్ట పుస్తకంలో కొత్త పేజీ తీశాను. పేరు, పద్నాలుగు ఇన్నింగ్స్, ఐదు నాటౌట్లు, 126. మ్యాచ్‌లో వాడు దిగేసరికి ఇంకా ఇరవై పరుగులు కావాలి. పన్నెండు తను కొట్టి, జట్టును గట్టెక్కించి, చెమటతో నా కుర్చీ దగ్గరికి వచ్చాడు. "ఇప్పుడెంత సార్?"

పన్నెండు రాసి పక్కన నక్షత్రం పెట్టాను. పదిహేను ఇన్నింగ్స్, ఆరు నాటౌట్లు, 138 పరుగులు. ఈసారి భాగహారం వాడే చేశాడు. అవుటైనవి ఇంకా తొమ్మిదే. 15.33.

స్కేలు సంచిలోనే ఉంచి, పుస్తకం మూశాను.