ముందు విన్న అంకె

మా అమ్మాయి మూడు సెకన్లకో అంకె చదువుతుంది. విన్న అంకెను దానికి ముందు విన్నదానితో కూడి పైకి చెప్పాలి. నాలుగు, ఏడు... పదకొండు. తర్వాత మూడు. ఏడూ మూడూ పది అనాలి. నేను పద్నాలుగు అన్నాను, నా నోట వచ్చిన పదకొండునే పట్టుకుని. అయ్యో అనుకునేలోపు ఇంకో రెండు అంకెలు దాటిపోయాయి.

ఆ 'అయ్యో' నాకు పాత చుట్టమే. డిప్రెషన్‌తో మంచం దిగని రోజుల్లో నా మనసు చేసిందీ అదే. ఎప్పుడో విన్న ఒక్క మాటను తిప్పితిప్పి తలచుకుంటూ, ఎదురుగా కూర్చున్నవాళ్లు చెప్పేది వినేవాణ్ని కాను.

పాసాట్ అనే ఈ లెక్క తలకు దెబ్బ తగిలినవాళ్లను పరీక్షించడానికి పుట్టింది. తర్వాత డిప్రెషన్‌కు సాధనగా మారింది. కొందరు పరిశోధకులు ఈ లెక్కలు చేయిస్తూనే, ఉప్పునీళ్లలో తడిపిన స్పాంజిలు నుదుటిపైన పెట్టి 2 మిల్లీ ఆంపియర్ల కరెంటు పంపారు. దీన్ని టీడీసీఎస్ అంటారు. షాక్ ట్రీట్‌మెంట్ వేరు, ఇది వేరు. ఇందులో మత్తు ఉండదు, మూర్ఛ రాదు, చర్మం కాస్త చిమచిమలాడుతుంది, అంతే. 2000లో జర్మనీలోని గోటింగెన్‌లో నిట్షే, పౌలస్ అనే పరిశోధకులు చేతిని కదిపే మెదడు భాగం మీద ఇలాంటి కరెంటే పంపి చూశారు. ఆపేశాక కూడా దాని ప్రభావం కొన్ని నిమిషాలు నిలిచింది. ఈ కరెంటు నాడీకణాలను తానే పలికించదు, పలకడానికి సిద్ధం చేస్తుంది. నేలలో పదునుండగానే విత్తాలంటారు కదా, కరెంటు ఉండగానే లెక్కలు చేయించడం అందుకే.

ఫలించిందా? 2014లో మెల్‌బోర్న్‌లో 27 మందితో చేసిన చిన్న ప్రయోగంలో, రెండూ కలిపి అందుకున్నవాళ్లకే మూడు వారాల తర్వాతా మేలు నిలిచింది. అదే ఏడాది సావోపాలోలో 37 మందితో చేస్తే, ఉత్తుత్తి కరెంటుతో సాధన చేసినవాళ్లూ దాదాపు అంతే కోలుకున్నారు. కానీ కరెంటు నిజంగా అందినవాళ్లలో వయసు పైబడినవాళ్లకూ, లెక్కలు బాగా చేసినవాళ్లకూ ఎక్కువ మేలు కనిపించింది. నన్ను పట్టుకున్నది లెక్కలు బాగా చేసినవాళ్ల సంగతే. రోగి ఊరికే పడుకుని చేయించుకునే వైద్యం కాదిది, అతని శ్రమా అందులో కలవాలి.

బ్యాటరీ, తీగలు తెచ్చి ఇంట్లో ప్రయత్నిద్దామనుకునేవాళ్లకు చేతులు జోడించి చెబుతున్నాను, వద్దు. అది డాక్టర్ల పర్యవేక్షణలో జరగాల్సిన పని. నేను రోజూ పది నిమిషాలు అంకెలు మాత్రమే కూడుతున్నాను. మందులు డాక్టరు చెప్పినట్టే వేసుకుంటున్నాను. నిన్న ఒక తప్పు చెప్పాను. అయినా తర్వాతి అంకె వినిపించింది.