మొదటి సెక్టారు మేస్త్రీలు
స్విచ్ వేయగానే తెర వెలిగితే ఎవరూ ఎవరినీ తలుచుకోరు. మెషీను లేవకపోతేనే, నెట్‌బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టంలో డిస్కు మీద బూట్ కోడు రాసే ‘ఇన్‌స్టాల్‌బూట్’ కమాండును చూసుకునేవాళ్లు గుర్తొస్తారు. పాత పద్ధతి పీసీలో డిస్కు మొదటి సెక్టారు 512 బైట్లు. పార్టిషన్ పట్టికకు 64, చివరి గుర్తుకు 2 పోగా కోడుకు మిగిలేది 446. ఇరుకంటే అదీ! ఆల్ఫా మెషీనుకైతే ఆ సెక్టారు చివర చెక్‌సమ్ సరిపోవాలి, లేకుంటే మొరాయిస్తుంది. స్పార్క్ మెషీనులో బైట్ల వరుస పీసీకి తిరగబడి ఉంటుంది. ఇన్ని పేచీలనూ ఒకే కమాండులో సర్దారు, అదే నాకు అబ్బురం. పైగా పీసీ మీద కూర్చునే వేరే మెషీనుకు డిస్కు ఇమేజీ సిద్ధం చేయొచ్చు. భయస్తులకు ‘ఎన్’ ఆప్షను కూడా ఉంది: అది పెడితే డిస్కు మీద ఏమీ రాయదు. నేనైతే ముందు అదే వాడతాను.