శ్రోతల తీర్పూ, వాద్యకారుని చెయ్యీ

'అభ్యుదయం' మనకు కొత్త మాట కాదు. ఇంగ్లీషులోని 'ప్రోగ్రెసివ్' అన్న మాటకు బదులుగా మనం దాన్ని వాడుకుంటున్నాం. వస్తువులోనూ, కళాకారుడు లోకాన్ని చూసే చూపులోనూ ముందడుగు వున్నప్పుడే ఆ పేరు పెట్టడం మన అలవాటు. పాశ్చాత్య రాక్ సంగీతంలో ఇదే మాటకు అర్థం వేరు. 1960ల చివర, 1970లలో యెస్, కింగ్ క్రిమ్సన్, జెనెసిస్ వంటి ఇంగ్లీషు వాద్యబృందాలు మూడు నిమిషాల పాట హద్దును దాటి, దీర్ఘమైన రచనలు చేసి, ఐదు, ఏడు, తొమ్మిది లెక్కల లయలను రాక్‌లోకి తెచ్చాయి. దానికి ప్రోగ్రెసివ్ రాక్ అని పేరు వచ్చింది. 1980లలో కొన్ని అమెరికన్ బృందాలు ఆ పద్ధతిని హెవీ మెటల్ గర్జనతో కలిపితే అది ప్రోగ్రెసివ్ మెటల్ అయింది. అంటే ఇక్కడ పురోగతి రూపానికి సంబంధించినది. రూపంలో ముందడుగు ఒక్కటే చాలునా అన్నది మన సాహిత్య విమర్శలో పాత ప్రశ్నే. ఆ ప్రశ్ననే, మన పరిభాష ఏమీ లేకుండా, ఒక ఆల్బం గూర్చి మామూలు శ్రోతలు మూడు దశాబ్దాలకు పైగా వేసుకుంటున్నారు. ఆ ఆల్బం డ్రీమ్ థియేటర్ బృందంవారి రెండవది. పేరు 'ఇమేజెస్ అండ్ వర్డ్స్'. విడుదలైనది 1992 జూలైలో.

ముందుగా బృందాన్ని గూర్చి కొంత చెప్పాలి. గిటారు వాయించే జాన్ పెట్రూచి, బాసు గిటారు వాయించే జాన్ మ్యూంగ్ న్యూయార్కు దగ్గరి లాంగ్ ఐలాండ్‌లో చిన్ననాటి స్నేహితులు. ఇద్దరూ బోస్టన్‌లోని బెర్క్‌లీ సంగీత కళాశాలలో చేరి, అక్కడ డ్రమ్స్ వాయించే మైక్ పోర్ట్‌నోయ్‌ను కలుసుకున్నారు. 1985లో బృందం ఏర్పడింది. ఊళ్లోని స్నేహితుడు కెవిన్ మూర్ కీబోర్డుకు వచ్చాడు. చార్లీ డొమినిచి గాత్రంతో 1989లో వచ్చిన మొదటి ఆల్బం పెద్దగా ఎవరి చెవినీ పడలేదు. గాయకుడు మారాడు. చాలాకాలం వెతికిన మీదట 1991లో కెనడా నుంచి జేమ్స్ లాబ్రీ వచ్చాడు. ఆ తరువాత వచ్చిన ఎనిమిది పాటల, యాభై ఏడు నిమిషాల ఆల్బమే ఇది. క్రమంలో రెండవదైనా, ఎక్కువమంది శ్రోతలు ఈ బృందాన్ని మొదట విన్నది దీనితోనే.

శ్రోతల అభిప్రాయాలను పోగుచేసి చూస్తే నాలుగు తీర్పులు పదే పదే ఎదురవుతాయి. ఒకటి: వీరికి చేయి తిరిగింది గాని గుండె లేదు, ఇది సంగీతం కాదు కసరత్తు. రెండు: వాద్యాలు గొప్పవే, గాయకుని గొంతు మాత్రం భరించలేము. మూడు: పాటలు గొప్పవి, డ్రమ్ముల మోత కృత్రిమం. నాలుగు: వీరు చేసినదంతా ఇదే, తరువాతది దిగజారుడు. ఈ నాలుగింటినీ రుచిభేదాలని తోసిపుచ్చడం తేలిక. పుర్రెకో బుద్ధి అన్న సామెత వుండనే వుంది. కాని విమర్శకుడు ఆ సామెత వెనుక దాక్కోరాదు. వేలమంది వేర్వేరు చోట్ల ఒకే మాట అంటూ వుంటే, ఆ మాటకు పాటలో ఏదో ఆధారం వుండి తీరాలి. అదేమిటో వెతకడమే మన పని.

మొదటి తీర్పును తీసుకుందాం. 'మెట్రోపొలిస్' అనే పాట మధ్యలో మాట ఆగిపోయి మూడు నిమిషాలకు పైగా వాద్యాలే నడుస్తాయి. లయ మారుతుంది, మళ్లీ మారుతుంది, గిటారూ కీబోర్డూ ఒకే వేగంలో ఒకే స్వరాలను పరుగెత్తిస్తాయి. ఇక్కడ కసరత్తు అన్నవారిది పూర్తిగా తప్పని నేను అనను. ఒక ఘట్టం తరువాత మరొక ఘట్టం ఎందుకు వస్తున్నదో తెలియకపోయినా, వచ్చిందని మెచ్చుకోవలసిన పరిస్థితి అక్కడక్కడా వున్నది. మార్పుల సంఖ్యే గొప్పగా నిలబడినప్పుడు శ్రోత లెక్కపెడతాడు, వినడు.

కాని ఆ ఒక్క ఘట్టాన్ని పట్టుకొని ఆల్బం మొత్తానికి తీర్పు చెప్పడం అన్యాయం. చివరి రెండు పాటలను వరుసగా వినాలి. 'వెయిట్ ఫర్ స్లీప్' రెండున్నర నిమిషాల చిన్న పాట. పియానో, కీబోర్డుల మీద గాత్రం. గిటారు లేదు, డ్రమ్ములు లేవు. కిటికీ దగ్గర నిలబడి నిద్రకోసం ఎదురుచూసే ఒక స్త్రీ అందులో వుంది. దాని వెంటనే వచ్చే 'లర్నింగ్ టు లివ్' పదకొండు నిమిషాలు దాటిన పాట. దీని మాటలు మ్యూంగ్ రాశాడు. ఎయిడ్స్ వ్యాధి అమెరికా యువతరాన్ని భయంలో ముంచిన రోజుల పాట అది. బతకడం నేర్చుకోవడమంటే ఏమిటన్నది దాని ప్రశ్న. ఆ దీర్ఘరచన నడుస్తూండగా, గడచిపోయిందనుకున్న పియానో వరుస మళ్లీ వినిపిస్తుంది. ఒంటరి స్త్రీకి చెందిన రాగం అందరి భయంలోకి వచ్చి కలుస్తుంది. ఇది కసరత్తు కాదు. ఇక్కడ రూపమే అర్థాన్ని మోస్తున్నది. మూడు నిమిషాల పాటలో ఈ కలయికకు చోటు చాలదు.

లయ కష్టమైనంత మాత్రాన జనానికి దూరమవుతుందన్న వాదం కూడా నిలవదు. మిశ్రచాపులో ఏడు, ఖండచాపులో ఐదు మన కచేరీలు విన్నవారికి వింత కాదు. లెక్క తెలియని శ్రోత కూడా తొడ మీద తాళం వేస్తాడు. కష్టమైన లయ శరీరానికి అందకపోతేనే అది దోషం. 'టేక్ ది టైమ్' వింటూ తల ఊపే కుర్రవాడు లెక్క కట్టి ఊపడం లేదు. వాయించినవారు గంటల తరబడి సాధన చేయడం వల్లనే ఆ కుర్రవానికి లెక్క బరువు తెలియడం లేదు. నైపుణ్యం అనేది ఎవరి నెత్తినో పుట్టుకతో పెట్టిన కిరీటం కాదు. అది కూడబెట్టిన శ్రమ. శ్రమను గుండెకు వ్యతిరేకమైన వస్తువుగా చూడడమే మొదటి తీర్పులోని పొరపాటు.

రెండవ తీర్పు గాయకుని మీద. లాబ్రీది పైస్థాయికి తేలికగా వెళ్లే గొంతు. అది గర్జించే గొంతు కాదు. బరువైన గిటారు మీద అంత సన్నని, అంత తీర్చిదిద్దిన గాత్రం నాటకీయంగా వున్నదని అనేకుల ఫిర్యాదు. 'అండర్ ఎ గ్లాస్ మూన్' వంటి పాటలో ఆ ఫిర్యాదుకు కొంత ఆధారం వుంది. అక్కడ గొంతు వాద్యాలతో పోటీకి దిగుతుంది. 'అనదర్ డే'లో అలా కాదు. తండ్రి కాన్సరుతో బాధపడుతూ వుంటే పెట్రూచి రాసిన పాట అది. అక్కడ గర్జన అబద్ధమవుతుంది. అందులో జే బెకెన్‌స్టీన్ వాయించిన సాక్సఫోను రేడియో కోసం చల్లిన పన్నీరని కొందరు శ్రోతలు అన్నారు. తండ్రి మంచం పక్కన కూర్చున్న కొడుక్కి మెత్తని నాదం నిషిద్ధమని ఏ శాస్త్రం చెప్పింది? మెటల్ అంటే కోపమే గాని దిగులు కాదని ముందే నిర్ణయించుకున్న చెవి మాట అది. వస్తువును వదలి, గుంపు పేరును బట్టి గొంతును కొలవడం విమర్శ కాదు.

ఇక మూడవ తీర్పు. డ్రమ్ముల శబ్దం గూర్చిన ఈ ఫిర్యాదును చాలామంది చిల్లర సాంకేతిక విషయంగా చూస్తారు. నా దృష్టిలో నాలుగింటిలోకీ గంభీరమైనది ఇదే. జరిగినది ఇది. నిర్మాత డేవిడ్ ప్రేటర్ రికార్డింగులో ట్రిగ్గరు పద్ధతి వాడాడు. వాద్యకారుడు డ్రమ్ము మీద దెబ్బ వేయగానే, ఆ దెబ్బ ఒక యంత్రానికి సంకేతం మాత్రమే అవుతుంది. ముందే సిద్ధం చేసి దాచిన మరొక డ్రమ్ము శబ్దాన్ని ఆ యంత్రం పలికిస్తుంది. అందువల్ల ప్రతి దెబ్బా శుభ్రంగా, పెద్దదిగా, ఒకే తీరుగా మోగుతుంది. ఆనాటి రేడియోకు, పెద్ద సంస్థల అభిరుచికి ఆ తీరు నచ్చేది. పోర్ట్‌నోయ్‌కు అది నచ్చలేదు. ఆ అసంతృప్తిని తరువాత ఆయన దాచుకోలేదు.

ఇందులో పోయినదేమిటి? డ్రమ్ము వాయించేవాని కళ దెబ్బల సంఖ్యలో లేదు. ఒక దెబ్బకూ మరొక దెబ్బకూ మధ్య వున్న బరువు తేడాలో వుంది. మెల్లగా తాకినది, జారవిడిచినది, అలసటతో కొంచెం ఆలస్యమైనది, ఉత్సాహంతో కొంచెం గట్టిపడినది, ఇవన్నీ చేతి వ్రాలు. ట్రిగ్గరు ఆ వ్రాలును చెరిపి దాని మీద అచ్చుముద్ర వేస్తుంది. సాంకేతిక పరిభాష తెలియని శ్రోత 'ఇదేదో రేకు డబ్బా లాగా వుంది' అన్నప్పుడు, అతడు చెప్పేది మనిషి చెయ్యి తనకు వినిపించడం లేదని. కసరత్తు అన్నవారు విననిది కూడా అదే కావచ్చు. వాయించినవానిలో గుండె లేదని వారు అనుకున్నారు. నిజానికి వాని చేతికీ తమ చెవికీ మధ్య ఒక యంత్రాన్ని కూర్చోబెట్టారు. మొదటి తీర్పులోని చల్లదనానికి కారణం కొంతవరకైనా మూడవ తీర్పులో దొరుకుతుంది.

దీనికి రుజువు కావలసినవారు పోల్చి చూసుకోవచ్చు. 1993లో లండన్‌లోని మార్కీ క్లబ్బులో ఈ బృందం చేసిన కచేరీ రికార్డుగా వచ్చింది. 'పుల్ మీ అండర్', 'సరౌండెడ్', 'మెట్రోపొలిస్' అందులో వున్నాయి. 2008లో వచ్చిన సంకలనంలో ఈ ఆల్బంలోని మూడు పాటలను కెవిన్ షిర్లీ కొత్తగా మిశ్రమం చేశాడు. పాట అదే, స్వరాలు అవే. విన్నవారికి మనిషి దగ్గరికి వచ్చినట్టుంటుంది. ఒక మాట మాత్రం ఒప్పుకోవాలి. పాత శబ్దంతోనే పెరిగిన శ్రోతలకు ఆ రేకు మోత కూడా ప్రియమైపోయింది. జ్ఞాపకం దోషాన్ని కూడా అలంకారం చేస్తుంది. దాన్ని మనం ఎగతాళి చేయనక్కరలేదు గాని, ప్రమాణంగా తీసుకోనూ అక్కరలేదు.

నాలుగవ తీర్పు, అంటే వీరి శిఖరం ఇదేనన్నది, సంగీతం కంటె మార్కెట్టు గూర్చి ఎక్కువ చెబుతుంది. నిర్వాణ వంటి బృందాల మొరటు, సూటి సంగీతం అమెరికాను ఊపుతున్న రోజుల్లో ఎనిమిది నిమిషాల 'పుల్ మీ అండర్' రేడియోకెక్కి, బిల్‌బోర్డ్ రాక్ పాటల పట్టికలో పదో స్థానానికి చేరింది. తండ్రి చావుతో కుంగిన హామ్లెట్ మనఃస్థితి నుంచి పుట్టిన పాట అది. పల్లవి నడుస్తూ వుండగానే చటుక్కున తెగిపోతుంది. చావు అలాగే వస్తుందని చెప్పడానికి అంతకంటె మంచి ముగింపు అక్కరలేదు. ఆల్బం అమెరికాలో అయిదు లక్షల ప్రతులకిచ్చే గోల్డ్ గుర్తింపు పొందింది. అంతటి విజయం పట్టికల్లో మళ్లీ రాలేదు. 2008 నాటి సంకలనానికి ఏకైక హిట్టు, మరి ఇరవై ఒక్క పాటలు అన్న అర్థంలో పేరు పెట్టి వారే నవ్వుకున్నారు.

కాని పట్టికను శిఖరమనుకునే శ్రోత ఒక విషయం మరచిపోతున్నాడు. ఈ ఆల్బంను రెండు డిస్కులుగా తేవాలని బృందం కోరింది. సంస్థ ఒప్పుకోలేదు. అందులో చేరవలసిన ఇరవై మూడు నిమిషాల 'ఎ చేంజ్ ఆఫ్ సీజన్స్' మూడేళ్లు ఆగి 1995లో గాని బయటికి రాలేదు. మనం శిఖరమని పిలుస్తున్నది వారు కట్టదలచిన కట్టడంలో సంస్థ అనుమతించిన భాగం. తరువాత 1994లో వచ్చిన 'అవేక్'లో ఇంతకంటె చీకటి, ఇంతకంటె నిజాయితీ వున్నాయని నా అభిప్రాయం. 1999లో వచ్చిన 'సీన్స్ ఫ్రమ్ ఎ మెమరీ', ఈ ఆల్బంలోని 'మెట్రోపొలిస్' విడిచిన దారాలను పట్టుకొని ఒక పూర్తి కథ అల్లింది. ఇక్కడ కసరత్తుగా మిగిలిన చోట్లకు అక్కడ పాత్రలూ సందర్భమూ దొరికాయి. దిగజారుడన్న తీర్పు ఇక్కడే తేలిపోతుంది.

మొదటి ప్రశ్నకు తిరిగి వద్దాం. రూపంలో ముందడుగు ఒక్కటే చాలునా? చాలదు. 'మెట్రోపొలిస్' మధ్యభాగం ఆ సంగతి చెబుతున్నది. రూపంలో ముందడుగు లేకుండా కొత్త బాధను చెప్పడం సాధ్యమా? అదీ కష్టమే. 'లర్నింగ్ టు లివ్' ఈ సంగతి చెబుతున్నది. ఒకే ఆల్బంలో రెండు సాక్ష్యాలూ వున్నాయి గనుకనే శ్రోతల తగవు ఇంకా తెగలేదు.

శ్రోత తీర్పు చాలాసార్లు తప్పుగా వుంటుంది. శ్రోత ఫిర్యాదు మాత్రం అరుదుగా తప్పవుతుంది. 'గుండె లేదు' అన్నవాడు కారణాన్ని తప్పుగా చెప్పాడు, లోటును సరిగానే గుర్తించాడు. నేరాన్ని వాద్యకారుని చేతి మీద మోపాడు, ఆ చెయ్యిని కప్పిన ముసుగు అతనికి కనిపించలేదు. విమర్శకుడు ఆ ఫిర్యాదును కొట్టివేయకుండా, నెత్తిన పెట్టుకోకుండా, దాని వేలు చూపుతున్న చోటికి నడిచి వెళ్లి చూడాలి. ఆ చోట ఒక మనిషి శ్రమపడి వాయిస్తున్నాడు. అతని దెబ్బ అతనిదిగా మన చెవికి చేరనివ్వమని అడగడం సాంకేతిక కోరిక కాదు, శ్రోత హక్కు.